చెరువుగట్టు మీది కుర్రాడికి మన మాట నేర్పుదాం

(గుడివాడ, బందరు, దివిసీమ పల్లెల కార్యకర్తల తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దుట్నుంచి భూమి గురించి, కూలి రేట్ల గురించి, శ్మశానం దారి గురించి మాట్లాడుకున్నాం. అవన్నీ మన సమస్యలే. ఇప్పుడు నేను చెప్పబోయేది వింటే మీలో కొంతమందికి "ఇది మనకెందుకయ్యా?" అనిపించొచ్చు. అనిపించినా ఓపికగా వినండి. విన్నాక నన్ను అడగండి, కడగండి.

బంటుమిల్లి, కృత్తివెన్ను, నందివాడ, నాగాయలంక, కోడూరు వైపు ఏ చెరువుగట్టు మీద నడిచినా రేకుల గుడిసె ఒకటి కనపడుద్ది. అందులో ఒకరో ఇద్దరో కుర్రాళ్ళుంటారు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ళ వయసు. మీసాలు కూడా సరిగ్గా రాని వాళ్ళుంటారు. రాత్రంతా ఏరేటర్లు చూడాలి, తెల్లారి మేత చల్లాలి, దొంగలు రాకుండా కాపలా కాయాలి. ఒరిస్సా నుంచి వచ్చినోళ్ళు, బెంగాల్ నుంచి, బీహార్ నుంచి వచ్చినోళ్ళు. ఇటికల బట్టీల దగ్గరకి పోతే మొగుడూ పెళ్ళాం పిల్లలతో సహా కుటుంబాలకి కుటుంబాలే ఉంటాయి. బలంగీర్, నువాపడా, కలహండి జిల్లాలోళ్ళు. దసరా పోయాక ఊరు వదిలి, ఎండాకాలం ఆఖర్న తిరిగెళ్ళేవాళ్ళు. వాళ్ళలో ఎక్కువమంది ఎవరో తెలుసా? అక్కడి దళితులు, ఆదివాసీలు. అంటే ఒరిస్సాలో ఊరికి దూరంగా ఉన్న పల్లెలోంచి వచ్చి, ఇక్కడ ఊరికి దూరంగా ఉన్న గట్టు మీద పడ్డారు. మధ్యలో రైలు మారింది గానీ బతుకు మారలేదు.

మన పల్లెల్లో ఒక మాట వినపడతా ఉంది. "ఈ ఒరిస్సావోళ్ళొచ్చి మన కూలి చెడగొట్టారు" అని. ఈ మాటని కొట్టిపారేయొద్దు. దాని వెనకాల నిజమైన ఆకలి ఉంది. కాకపోతే లెక్క సరిగ్గా చూసుకోవాలి. మన కూలి ఎప్పుడు పోయింది? ఎకరం వరి ఉంటే నారుమడి, ఊడ్పు, కలుపు, కోత, కుప్ప, నూర్పిడి అని ఎన్ని చేతులకి పని దొరికేదో ఇక్కడున్న ఆడోళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ ఎకరం చెరువైంది. ఎకరాలకి ఎకరాలున్న చెరువుకి ఇద్దరు కాపలాదారులు చాలు. సముద్రపు ఒడ్డున రొయ్యల చెరువుల మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టి తీర్పే ఇచ్చింది. తర్వాత 2005లో కొత్త చట్టం వచ్చింది, 2009లో వనామీ రొయ్యకి అనుమతి వచ్చింది, చెరువులు మళ్ళీ పెరిగాయి. మిగిలిన వరి చేలోకి కోత మిషను దిగింది. ఈ నిర్ణయాల్లో ఒక్కటైనా ఆ ఒరిస్సా కుర్రాడు చేశాడా? మన పని పోయిన తర్వాత, మిగిలిన ఆ రెండు పనులకి కూడా మనల్ని పెట్టుకోకుండా వాణ్ణి తెచ్చారు. ఎందుకు తెచ్చారు? మనోడైతే సాయంత్రానికి ఇంటికి పోతాడు. కూలి తక్కువైతే పల్లెలో పదిమందికి చెప్తాడు. సంఘం వస్తది. బయటోడైతే గట్టు మీదే ఉంటాడు, ఎవరికీ చెప్పుకోలేడు. వాడికి మాట రాదు. మాట రాని మనిషి ఆసామికి చవక. ఇదీ అసలు కిటుకు.

కాబట్టి వాడికి మాట నేర్పటం జాలిపడి చేసే పని కాదు. మన కూలిని కాపాడుకునే పని కూడా అదే. ఈ ముక్క పల్లెకి వెళ్ళి చెప్పండి.

మీకు ఒక పాత సంగతి గుర్తు చేస్తాను. మన తెలుగోళ్ళు బర్మా పోయేవాళ్ళు. మన కృష్ణా కన్నా శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఎక్కువగా పోయారు. రంగూన్ రేవులో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు, రిక్షాలు లాగారు, పాకీ పని చేశారు. కాకినాడ దగ్గర కోరంగి రేవు ఉండేది కదా, ఆ పేరు మీద అక్కడోళ్ళు మనవాళ్ళని "కొరంగీలు" అని పిలిచేవాళ్ళు. అది గౌరవంగా పిలిచిన పిలుపు కాదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల కాంట్రాక్టర్లు ఏం చేశారు? సమ్మె విరగ్గొట్టటానికి బర్మా కూలీలని దించారు. తర్వాత తెలుగోళ్ళతో రాజీ కుదిరింది. కుదిరిన మర్నాడు బర్మావాళ్ళని పొమ్మన్నారు. ఆకలితో వచ్చి, పని దొరికిందని సంతోషపడి, ఒక్క పూటలో రోడ్డున పడ్డ ఆ కూలీలు ఎవరి మీద పడ్డారు? కాంట్రాక్టరు మీద పడలేదు. తోటి కూలీ మీద పడ్డారు. గొడవ రేవు దాటి ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు. చచ్చిన వాళ్ళలో ఎక్కువమంది మన తెలుగు కూలీలే. 

ఆ రేవులో ఇద్దరు కూలీలు ఒకళ్ళ గోడు ఒకళ్ళకి చెప్పుకోగలిగి ఉంటే, కలిసి ఒక రేటు అడిగి ఉంటే, ఆ రక్తం కారేదా? నేను ఖచ్చితంగా చెప్పలేను గానీ, కాంట్రాక్టరు ఆట అంత తేలిగ్గా సాగేది కాదని మాత్రం చెప్పగలను. 1942లో జపాన్ వాళ్ళు వచ్చినప్పుడు మనవాళ్ళు కొండలూ అడవులూ పట్టి నడిచొచ్చారు. దారిలోనే రాలిపోయినోళ్ళకి లెక్క లేదు. 1960లలో మళ్ళీ వెళ్ళగొడితే వచ్చినోళ్ళ గుర్తుగా విశాఖపట్నంలో ఈనాటికీ బర్మా క్యాంపు అన్న పేరు ఉంది. వలస అంటే ఏందో మన జాతికి కొత్తగా చెప్పక్కరలేదు. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మద్రాసు నుంచి ఒరిస్సాకి పదహారో నంబరు జాతీయ రహదారి మీద ఎర్రటి ఎండలో నడిచిపోయిన వాళ్ళని మనం కళ్ళారా చూశాం. ఆ రోడ్డు మీద మనకి కనపడింది మన తాతలే.

ఇక భాష సంగతికొద్దాం. ఒరిస్సా కుర్రాడు చెరువు మీదకొచ్చి మొట్టమొదట నేర్చుకునే తెలుగు మాట ఏంటి? "ఒరేయ్." రెండోది "రారా." మూడోది నేను ఈ అక్కల ముందు చెప్పలేను. తిట్టుతో మొదలవుద్ది వాడి తెలుగు. మన తండ్రులకి చదువు ఎట్టా మొదలైందో, పాలేరుతనంలో ఏ మాటలు మొదట వినపడ్డాయో గుర్తు తెచ్చుకోండి. ముసలోణ్ణి కూడా పసిపిల్లాడు "ఒరే" అని పిలిచే ఊళ్ళల్లోంచే మనం వచ్చాం. అట్టాంటి మనం కూడా వాణ్ణి "ఒరిస్సావోడు" అని పిలిస్తే ఎట్టా? వాడికి తల్లి పెట్టిన పేరుంది. ఆ పేరు అడగండి. మన మొదటి పాఠం వాళ్ళకి కాదు, మనకే. పేరు అడగటం, తమ్ముడూ అని పిలవటం.

వాళ్ళ భాష మరీ అంత దూరపుది కూడా కాదు. అక్షరాలు మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి. మనం పిల్ల అంటాం, వాళ్ళు పిలా అంటారు. ఇల్లు ఘర, నీళ్ళు పాణి, అన్నం భాత. జ్వరాన్ని జ్వర అనే అంటారు, మందు ఔషధ. "తుమ నా కణ?" అంటే నీ పేరేంటని. "భాత ఖాఇల?" అంటే అన్నం తిన్నావా అని. ఈ రెండు ముక్కలు నోటికి పట్టించుకుని ఒక సాయంత్రం గట్టు మీదికి వెళ్ళి అడగండి. ఎన్ని నెలల తర్వాత ఆ మాట వాడి చెవిన పడిందో వాడి మొహం చెప్పుద్ది. ఇంకో సంగతి. బలంగీర్ వైపు వాళ్ళ యాస వేరు. బడి పుస్తకాల్లో ఉండే ఒడియా వేరు, వాళ్ళ ఇంట్లో మాట వేరు. అక్కడ బళ్ళో వాళ్ళ యాసని వెక్కిరిస్తారు. మన పల్లె మాటని ఊళ్ళో బడిపంతుళ్ళు వెక్కిరించినట్టే. కాబట్టి వాళ్ళ తెలుగుని చూసి మనం నవ్వొద్దు. నవ్విన రోజున వాడు నోరు మూసుకుంటాడు, మళ్ళీ తెరవడు.

ఎట్టా నేర్పాలి? పలకా బలపంతో అ ఆలు మొదలెట్టొద్దు. రాత్రి డ్యూటీ చేసేవాడికి అంత ఓపిక ఉండదు. బతకటానికి కావలసిన మాటలు ముందు నేర్పాలి. నా పేరు ఇది. నా ఊరు ఇది. నాకు ఇంత కూలి అన్నారు, ఇంత ఇచ్చారు. నాకు ఒంట్లో బాగాలేదు. ఇక్కడ నొప్పిగా ఉంది. పాము కరిచింది. ఆస్పత్రి ఎటు? నేను ఇంటికి పోవాలి. నన్ను కొట్టారు. నాకు ఇష్టం లేదు. ఈ పది మాటలూ వస్తే మనిషి నిలబడతాడు. ముఖ్యంగా ఆ చివరి మాట, "నాకు ఇష్టం లేదు." అది పలకటం నేర్చుకోవటానికి మన జాతికి ఎన్ని తరాలు పట్టిందో మనకి తెలుసు.

తర్వాత అంకెలు, వారాలు, నెలలు. కూలి లెక్క రాసుకోటానికి ఒక చిన్న నోటు పుస్తకం. ఏ రోజు పనిలోకి వచ్చాడు, ఎంత అడ్వాన్సు తీసుకున్నాడు, ఎంత ముట్టింది, అన్నీ వాడి భాషలో వాడే రాసుకోవాలి. రాయటం రాకపోతే మన పిల్లలు రాసిపెట్టాలి. వారానికి రెండు సాయంత్రాలు, గంట చొప్పున చాలు. పల్లెలో ఇంటర్ చదివిన పిల్లలున్నారు, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలున్నారు. వాళ్ళకి ఇది బాధ్యతగా అప్పజెప్పండి. అంబేద్కర్ భవనం ఉన్నచోట అక్కడ పెట్టండి. లేనిచోట చర్చి అరుగు, రచ్చబండ, ఏదైనా ఫర్వాలేదు. నేర్చుకునేవాళ్ళ చేత మనమూ పది మాటలు నేర్పించుకోవాలి. అప్పుడే అది బడి అవుద్ది. లేకపోతే పై నుంచి కింద పడేసే దానం అవుద్ది.

ఇది ఎక్కడా జరగని పని కాదు. కేరళలో 2017లో పెరుంబావూరు దగ్గర అక్షరాస్యతా మిషన్ వాళ్ళు "చంగాతి" అని మొదలుపెట్టారు. చంగాతి అంటే నేస్తం అని. వలస కూలీలకి మలయాళం నేర్పటానికి "హమారీ మలయాళం" అని ప్రత్యేకంగా పుస్తకమే వేశారు. అదే ఏడు ఎర్నాకుళం జిల్లాలో "రోష్ని" అని వలస కూలీల పిల్లల కోసం పని మొదలైంది. ఆ పిల్లల భాష తెలిసిన వాలంటీర్లని సర్కారు బళ్ళల్లో పెట్టారు, పొద్దుటి టిఫిను కూడా పెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజుల్లోనే హైదరాబాదు చుట్టుపక్కల ఇటికల బట్టీల దగ్గర ఒడియాలో చెప్పే బళ్ళు నడిచాయి. ఒరిస్సా నుంచి పుస్తకాలు తెప్పించారు. అక్కడ అయింది మన దగ్గర ఎందుకు కాదు?

పిల్లల విషయంలో చట్టం మనవైపు ఉంది. 2009 విద్యాహక్కు చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం వలసొచ్చిన కుటుంబాల పిల్లల్ని బళ్ళో చేర్చుకోవటం స్థానిక ప్రభుత్వ బాధ్యత. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని వయసుకి తగిన తరగతిలో చేర్చుకుని, వెనకబడితే ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వాలి. టీసీ రాలేదనీ, పుట్టిన తేదీ కాగితం లేదనీ బడిలోకి రానివ్వకపోవటం కుదరదు. హెడ్‌మాస్టరు గారు కాదంటే మర్యాదగా ఆ సెక్షన్లు చెప్పండి. అప్పటికీ కాదంటే మండల విద్యాశాఖాధికారికి కాగితం పెట్టి, నకలు మీద సంతకం తీసుకోండి. పద్నాలుగేళ్ళలోపు పిల్లలు ఇటిక తిప్పుతా కనపడితే 1098కి ఫోన్ చేయండి.

ఇక్కడ ఒక అన్నకి అనుమానం రావచ్చు. "వీళ్ళ పిల్లలు మన బళ్ళో చేరి, రేపు ఎస్సీ సర్టిఫికెట్టు తీసుకుని మన సీట్లు, మన ఉద్యోగాలు పట్టుకుపోరా?" అని. పోరు. ఒక రాష్ట్రంలో ఎస్సీగా, ఎస్టీగా ఉన్నవాడు ఇంకో రాష్ట్రానికి వలసపోతే అక్కడ ఆ రిజర్వేషను అడగటానికి వీల్లేదని 1990లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో అయిదుగురు జడ్జీల ధర్మాసనం మళ్ళీ చెప్పింది. చూశారా ఈ విచిత్రం! రాష్ట్రం సరిహద్దు దాటితే దళితుడి సర్టిఫికెట్టు చెల్లదు. అంటరానితనం మాత్రం చెల్లుద్ది. గట్టు మీద వాడికి గ్లాసు వేరు, కంచం వేరు. ఆ గ్లాసు సంగతి మనం కాకపోతే ఎవరు అడుగుతారు?

ఇప్పుడు మనసు సంగతి. దీని గురించి మన ఉద్యమాల్లో తక్కువగా మాట్లాడుకుంటాం. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమవాళ్ళకి నేను చెప్పక్కరలేదు. సర్కారు లెక్కే పదివేల దాకా పోయారని. తర్వాత బియ్యం వచ్చాయి, బట్టలు వచ్చాయి, ఇళ్ళు వచ్చాయి. కానీ పిల్లల్ని చేతుల్లోంచి నీళ్ళల్లోకి జారవిడుచుకున్న తల్లి రాత్రిళ్ళు ఎట్టా పడుకుంటందని ఎవరు అడిగారు? ఏళ్ళ తరబడి గాలి గట్టిగా వీస్తే నిద్రపట్టని వాళ్ళు ఈ సీమలో ఎంతమంది! దాన్ని జబ్బని కూడా అనుకోలేదు మనం. ఆస్తి నష్టానికి ఫారం ఉంది, మనసుకి తగిలిన దెబ్బకి ఫారం లేదు.

ఆ గట్టు మీద కుర్రాడిది చిన్న ఉప్పెన. చుట్టూ నీళ్ళు, మాట్లాడటానికి మనిషి లేడు, పగలు నిద్ర, రాత్రి మెలకువ. ఇంటి దగ్గర అమ్మకి జబ్బు చేసిందని ఫోనొస్తది, అడ్వాన్సు తీరలేదు కాబట్టి పోవటానికి లేదంటారు. కొన్నాళ్ళకి తిండి మానేస్తాడు. లేదా మందుకి అలవాటు పడతాడు. ఊరికే చిరాకుపడతాడు, ఒంటరిగా కూర్చుని నీళ్ళకేసి చూస్తా ఉంటాడు. "నేనుండి ఏం ప్రయోజనం" అన్న మాట ఏ భాషలో అన్నా పొగరనుకోవద్దు, సోమరితనం అనుకోవద్దు. పక్కన కూర్చోండి. ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు డబ్బాలు అందుబాటులో లేకుండా తీసెయ్యండి. 14416 అని సర్కారు వారి టెలీ మానస్ నంబరు ఉంది, 2022 నుంచి నడుస్తంది. రాత్రీ పగలూ పలుకుద్ది, డబ్బు పడదు. తెలుగులోనే కాదు, ఒడియా, హిందీ, బెంగాలీల్లో కూడా మాట్లాడే ఏర్పాటుంది. ఆ నంబరు గుడిసె తలుపు మీద సుద్దతో రాయండి. పక్కనే పాము కాటుకీ, ప్రమాదానికీ 108 రాయండి.

నంబరు ఒక్కటే చాలదు. ఆదివారం సాయంత్రం మన కుర్రాళ్ళు వాలీబాల్ ఆడతారు కదా, వాళ్ళని కూడా జట్టులో కలుపుకోండి. ఏప్రిల్ 14కి పిలవండి. వాళ్ళ డోలు వాళ్ళ చేత మోగించండి, మన డప్పు మనం మోగిద్దాం. వాళ్ళకి నువాఖాయి అని కొత్త బియ్యం పండగ ఉంది, వినాయక చవితి మర్నాడు వస్తది. ఆ రోజు ఇంటికి పోలేని కుర్రాణ్ణి ఏ ఇంటివాళ్ళయినా అన్నానికి పిలవండి. పిలిచి అన్నం పెట్టిన ఇల్లు మనిషి మర్చిపోడు. బట్టీ దగ్గర ఆడపిల్లలుంటే మన మహిళా సంఘం అక్కలే వెళ్ళాలి, మగపిల్లలు పోవద్దు. ఆ పిల్లలు చెప్పుకోలేని కష్టాలు ఆడవాళ్ళకైతే చెప్తారు.

కూలీ చట్టం గురించి రెండు ముక్కలు. ఒరిస్సాలో "దాదన్" అని ముందు డబ్బిచ్చి మనుషుల్ని తోలుకుపోయే పద్ధతి ఉంది. ఆ దుర్మార్గం చూసే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేశారు. దాన్ని 2020లో చేసిన కార్మిక కోడ్‌లో కలిపేశారు, ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. పాత చట్టం అయిదుగురు వలస కూలీలున్నా వర్తించేది. కొత్త దాంట్లో ఆ వలస భాగం పదిమంది ఉంటేనే వర్తిస్తది. ఇద్దరే ఉన్న చెరువుగట్టు దాని కంటికి ఆనదు. అయితే 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టానికి ఈ తలల లెక్క లేదు. ఒక్కడున్నా చాలు. అడ్వాన్సు పేరుతో మనిషిని ఆపితే అది వెట్టి, అది నేరం. ఆ అప్పు కట్టక్కరలేదు. 2013 డిసెంబరులో కలహండి కూలీలు ఇద్దరు చెప్పిన చోటికి రామన్నందుకు ముఠావాళ్ళు వాళ్ళ కుడిచేతులు నరికారు. దేశమంతా చూసింది. అడ్వాన్సు అంటే ఎంతదాకా పోతదో ఆ చేతులు చెప్తాయి. అందుకని ఎవరూ ఒంటరిగా ఆసామితో తగాదాకి దిగొద్దు. పదిమందిగా వెళ్ళండి, కాగితం మీద రాసి తహసీల్దారుకో ఆర్డీవోకో ఇవ్వండి. వాళ్ళ రేషను కార్డు మీద ఇక్కడి చౌకడిపోలో బియ్యం తీసుకోవచ్చు, అది కూడా ఇప్పించండి.

ఆఖరికి మన సంగతే చెప్తాను. మన పల్లె పిల్లలు కూడా పోతన్నారు. బెంగుళూరు పోతన్నారు, మద్రాసు పోతన్నారు, మన ఆడపిల్లలు ఇంటిపనికి కువైట్ పోతన్నారు. వాళ్ళకి కన్నడం రాదు, అరబ్బీ రాదు. పాస్‌పోర్టు లాగేసుకున్న యజమానురాలి ముందు "నాకు ఇష్టం లేదు" అని అరబ్బీలో అనలేని మన పిల్ల, గట్టు మీద తెలుగు రాని ఒరిస్సా కుర్రాడు, ఇద్దరూ ఒకే గుడిసెలో ఉన్నట్టు లెక్క. పోయే పిల్లలకి ఆ దేశపు పది మాటలు, ఎంబసీ నంబరు నేర్పి పంపటం కూడా ఈ సాయంత్రం బడి పనే. తిరిగొచ్చిన అక్కలే దానికి పంతులమ్మలు. మన పిల్లని అక్కడ ఎవరన్నా "అన్నం తిన్నావా" అని అడిగితే బాగుండునని మనం అనుకుంటాం కదా. ఇక్కడ ఆ మాట అడగాల్సింది మనం.

వచ్చే పక్షం రోజుల్లో ప్రతి పల్లె నుంచి ఇద్దరు కార్యకర్తలు గట్ల మీద, బట్టీల దగ్గర తిరగండి. ఎంతమంది ఉన్నారు, ఏ ఊరు, ఏ భాష, పిల్లలెంతమంది, కూలి ఎంతని ఒక కాగితం మీద రాసుకురండి. పేర్లు బయటపెట్టొద్దు, ఆసామి చేతిలో పడితే వాళ్ళకే ముప్పు. ఆ కాగితం తెచ్చిన పల్లెలోనే మొదటి సాయంత్రం బడి పెడదాం. అదే కూలి, అదే గౌరవం మనకీ వాళ్ళకీ కలిపి అడుగుదాం.

జై భీమ్!